కలవని నెత్తురు

ఆగస్టు 9, శనివారం. ఎమ్మిగనూరు

ఆదోని నుంచి చెల్లెలు ఉష కూతురు దీపిక ఫోన్ చేసింది. వాళ్ళమ్మ కళ్ళు పచ్చగా ఉన్నాయట.

పోయిన సోమవారం పొద్దున ఎట్లా గడిచిందో గుర్తు చేసుకుంటున్నాను. శ్రావణ సోమవారం గుడికి పోదామని ఉష ముందురోజు సాయంత్రమే వచ్చింది. నేను లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టేసరికి తమ్ముడు కుమారస్వామి మగ్గం గుంతలో దిగి నేత మొదలుపెట్టేశాడు. ఉష ఆ చప్పుడుకు కూడా లేవలేదు. నేనే పోయి దుప్పటి లాగాను. మోకాళ్ళు పట్టేసినాయక్కా అంది. వేణ్ణీళ్ళు పోశాను. అరుగు రాతి మీద పసుపు కొమ్ము అరగదీసి మొహానికి పూసుకుంది. డాక్టరు ఎండలో కూర్చోవద్దన్నాడు కాబట్టి లోపలికి పిలిచి జడ వేశాను. చన్నీళ్ళలో చెయ్యి పెడితే ఆమె వేళ్ళు ముందు తెల్లబడి, తర్వాత నీలంగా అవుతాయి, రెండేళ్ళుగా అంతే. అది చూసి కుమార ఎప్పటిలాగే ఎగతాళి చేశాడు. "నూలు ముంచకముందే నీ సేతికి రంగు అంటిందే" అన్నాడు. "నీ ఎద్దు మొగానికి యేస్తా ఉండు ఆ రంగు" అని ఉష నవ్వింది.

జొన్నరొట్టె, పుండుకూర, చెనిక్కాయల పొడి. సగం రొట్టె తిని పక్కన పెట్టింది. గుడి మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని కాసేపు నిలబడింది. నిద్ర చాలలేదంది. అభిషేకం చూసింది. విభూతి పెట్టుకుంది. మధ్యాహ్నం బస్సెక్కింది.

ఇంతే. ఇందులో ఏముంది. రాసి చూసుకున్నా ఏమీ కనబడటం లేదు.

నిన్న వరలక్ష్మి వ్రతం. ఆదోనిలో వాళ్ళ వీధి ఆడవాళ్ళందరూ మొహం నిండా, కాళ్ళ నిండా పసుపే పూసుకుని ఉంటారు. ఈ రోజు కడుక్కున్నాక కూడా వాళ్ళమ్మకు పోలేదని దీపిక అంటోంది.

స్వామీ, నీవే దిక్కు.

ఆగస్టు 10, ఆదివారం

వీరేష్ ఉషను తీసుకొచ్చి మా ఇంట్లో దింపాడు. పత్తి మండీలో గుమాస్తా పని, సెలవు దొరకదు. ఆదివారం కాబట్టి వచ్చాడు. నా చెల్లెలి మొగుడని కాదు, నెమ్మదైన మనిషి. "వదినా, మీ సేతిలో పెడతాండా" అని తలొంచుకుని కూర్చున్నాడు.

కళ్ళు చూశాను. పచ్చగానే ఉన్నాయి. గోళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి, సున్నం పూసినట్టు.

కామెర్లు అన్నాడు కుమార. కామెర్లే అన్నాడు వీరేష్. పెద్దకడుబూరు అవతల ఉచ్చీరమ్మ అని ఒకామె పసరు పోస్తుంది, మా వీధిలో ఎంతమందికి తగ్గిందో లెక్కలేదు. కీళ్ళ జబ్బు చూసే కర్నూలు డాక్టరుకు ముందు చూపిద్దామా అన్నాను. ఉషే వద్దంది. ఆయన మళ్ళీ ఆ మాత్రలే పెంచుతాడంట. ఆ మాత్రలకు మొహం గుండ్రంగా ఉబ్బింది. వీధిలో పిల్లలు బూరె అత్త అంటున్నారంట.

రెండేళ్ళ కింద ఆ డాక్టరు లూపస్ అన్నాడు. మా ఇంట్లో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. కీళ్ళ జబ్బు అనే అంటాము. ఒంటికి కాపలా ఉండాల్సిందే ఒంటి మీద పడుతుంది, మాత్రలు మాత్రం మానకూడదు అని ఆయన చెప్పింది నాకు గుర్తుంది.

"అక్కా, పువ్వు అడుగు" అంది ఉష. "కుడికి పడాలని అడుగు."

అట్లా అడగకూడదని చెప్పాను.

ఆగస్టు 11, సోమవారం

పొద్దున తలస్నానం చేసి దేవుడింట్లో కూర్చున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో పువ్వు అడిగేది నేనే. కుమార పెళ్ళి, ఉష పెళ్ళి, రెండో మగ్గం దించడం, అన్నీ అడిగే చేశాము. లింగానికి రెండు పక్కలా తడి గన్నేరు పువ్వులు అంటించి కళ్ళు మూసుకున్నాను. ఉషకు పసరు పోయించవచ్చునా అని అడిగాను. కుడికి పడితే సరే, ఎడమకు పడితే వద్దు.

చాలాసేపు పడలేదు.

కుడికి పడింది.

ఆగస్టు 12, మంగళవారం

ఉచ్చీరమ్మ నోట్లో ఒక్క పన్ను లేదు. ఉషను చూసి, "ఏమ్మా, పసుపు ఒంటికి పూసుకుంటారు గాని కండ్లకు గూడా పూసుకుంటారా" అని నవ్వించింది. ఆకు నూరి పాలలో కలిపి తాగించింది. డబ్బు తీసుకోలేదు, టెంకాయ కొట్టిపోండి అంది.

పథ్యం చెప్పింది. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. మజ్జిగన్నమే. తర్వాత నా వైపు తిరిగి వేరే మాత్రలు ఏమన్నా మింగుతుందా అని అడిగింది. కీళ్ళకు మింగుతుంది అన్నాను. మందు మీద మందు పడకూడదు, పథ్యం ముగిసేదాకా ఆపమంది.

దారిలో ఉష ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. "ఈ వంకన్నా మొగం దిగుతాదిలే" అంది. సంతోషంగా అంది.

పసరుకు స్వామి ఒప్పుకున్నాడు. పథ్యం పసరులో భాగమే కదా.

ఆగస్టు 13

ఉప్పు లేని అన్నం రెండు ముద్దలు తిన్నది. మాత్రల డబ్బా దేవుడింట్లో గూట్లో పెట్టాను.

ఆగస్టు 14, గురువారం

పచ్చ ఎక్కువైంది. కుమార ఉచ్చీరమ్మ ఊరికి పోయి అడిగొచ్చాడు. బయటికి పోయేముందు అట్లే ఎక్కువవుతుందట.

మంచం మీంచి లేచి కూర్చుంటే ఆమె గొంతు పక్కన నరం కొట్టుకోవడం నాకు వాకిట్లోంచే కనబడింది.

ఆగస్టు 15

బడిలో మైకు పాటలు. ఉష చెవులు మూసుకుంది. తలలో సమ్మెట కొడుతున్నట్టుందట.

జపం చేసుకున్నాను. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పింది. నాకు ఎప్పుడూ తప్పదు.

ఆగస్టు 16, శనివారం

పొద్దున ఉష నన్ను పిలిచి చూపించింది. మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. ఎప్పటి నుంచి అని అడిగాను. గుడికి పోయిన ఆ సోమవారానికి ముందు నుంచే కొంచెం అట్లా ఉందట. మాత్రల రంగు అనుకుందట.

కామెర్లకు అట్లే ఉంటుంది అని కుమార అన్నాడు. కుమారకేం తెలుసు. నాకేం తెలుసు.

పువ్వు కుడికే పడింది. ఆ రోజు దేవుడింట్లో ఉక్కగా ఉంది, నాకు చెమట పడుతోందని కుమార బయట నుంచి ఫ్యాన్ వేశాడు. ఆ తర్వాతే పడింది, నిజమే. అయినా అప్పటికే జారుతూ ఉండింది. చాలాసేపయింది కదా, తడి ఆరిపోయి ఉంటుంది. ఎడమ పువ్వుకు కూడా అదే గాలి.

రేపు ఒక్క రోజు చూస్తాము.

ఆగస్టు 17, ఆదివారం. ఆదోని

స్నానాల గదిలో పడిపోయింది. శబ్దం రాలేదు. నీళ్ళ చెంబు దొర్లితే తెలిసింది. ఎత్తుకుంటే బరువే లేదు.

కారు పిలిపించి ఆదోని తెచ్చాము, వాళ్ళ ఇంటికి దగ్గరి ఆసుపత్రికి. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర నా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మాత్రల డబ్బా వచ్చేటప్పుడు చీర కొంగులో కట్టుకొచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పుడు నాకే తెలియదు. డాక్టరమ్మ మొదట అడిగింది అదే.

ఆగస్టు 18, సోమవారం

డాక్టరమ్మ పేరు మేరి. చిన్న వయసు. గట్టిగా మాట్లాడదు, అందుకే భయం.

ఇవి ఎప్పుడు ఆపారు అని డబ్బా చూపించి అడిగింది. వీరేష్ కుమార వైపు చూశాడు. కుమార నా వైపు చూశాడు. నేనే ఆపించాను అని చెప్పాను. ఆమె రాసుకుంది. ఈ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు కుప్పకూలుతుంది, ఇక ఎవరు చెప్పినా ఆపకండి అని మాత్రం అంది.

కామెర్లు కాదంట. కాలేయం బాగానే ఉందంట. నెత్తురులో ఉండే ఎర్ర కణం నడుమ వేలితో నొక్కిన పిండిబిళ్ళలాగా ఉండాలంట. ఉషవి గోలీల్లాగా గుండ్రంగా, చిన్నవిగా అయిపోయాయి. ఆ లూపస్ జబ్బే ఆమె కణాలను పరాయివనుకుని అంచులు కొరికేస్తోంది. కొరికినవి కడుపులో ప్లీహం దగ్గర చిక్కి పగిలిపోతున్నాయి. పగిలిన నెత్తురు రంగే కళ్ళలో పచ్చ, మూత్రంలో నలుపు. పన్నెండు ఉండాల్సిన నెత్తురు ఐదు లేదు.

దీపిక పక్కనే నిలబడి అంతా విన్నది. ఇంటర్ చదివే పిల్ల. డాక్టరమ్మ పోయాక నన్ను అడిగింది. "అయితే ఆ పసరు దేనికి తాపిచ్చినారు పెద్దమ్మా?"

కామెర్లనుకున్నాము అన్నాను.

సూదిలో ఆ మాత్రల మందే పెద్ద మోతాదులో ఎక్కిస్తున్నారు. పని చెయ్యడానికి రోజులు పడుతుందంట. నెత్తురు కూడా ఎక్కించాలి, తెమ్మన్నారు.

ఆగస్టు 19, మంగళవారం

ఉషది బి పాజిటివ్. కుమారదీ అదే. పొద్దున్నే వచ్చి చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డాడు. మగ్గం మీద పని చేసిన చెయ్యి, నరం బాగా దొరికింది అన్నారు. కొంచెం తీసి ఉష నెత్తురుతో కలిపి చూశారు. కలవలేదు, గడ్డలు కట్టింది. మండీలో వీరేష్‌తో పని చేసేవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఎవరిదీ కలవలేదు. నిల్వ ఉన్న సంచులన్నీ చూశారు. ఒక్కటీ కలవలేదు.

కుమార ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "తోడబుట్టినోన్ని గదక్కా. నా నెత్తురే పనికి రాదంట" అన్నాడు. నాకు వాడి తల నిమరాలనిపించింది. నిమరలేదు, అందరూ ఉన్నారు.

సాయంత్రానికి వీధిలో ఒక మాట పుట్టింది. అన్నాచెల్లెళ్ళ నెత్తురు కలవకపోవడం ఏమిటని. మా అమ్మను ఎరిగిన ముసలామె ఒకతె నన్నే వచ్చి అడిగింది. డాక్టరమ్మను పోయి అడిగాను. ఆమె చెప్పింది: "మీ తమ్ముడి రక్తంలో తప్పు లేదమ్మా. ఆమె రక్తం ఆమె రక్తంతోనే కలవడం లేదు. ఇంకెవరిది కలుస్తుంది?"

ఆ మాట వచ్చి కుమారకు చెప్పాను. కాస్త నెమ్మదించాడు. నాకు మాత్రం అప్పటి నుంచి ఒళ్ళు చల్లగా ఉంది.

నెత్తురు నాలుగు కూడా లేదంట ఇప్పుడు.

ఆగస్టు 20, బుధవారం

మధ్యాహ్నం డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. సూదిమందుకు ఇంకా పట్టు దొరకలేదు. పట్టు దొరికేదాకా గుండె తట్టుకోలేదు. కర్నూలు పంపుదామంటే ఈ నెత్తురుతో దారిలోనే ఏమైనా కావచ్చు. కలవనివాటిలోనే తక్కువగా గడ్డ కట్టిన సంచి ఒకటి ఉంది. దాన్ని చుక్కచుక్కగా, తను పక్కనే ఉండి ఎక్కిస్తుంది. కాస్త నిలదొక్కుకోగానే అంబులెన్సులో కర్నూలు. ఆ నెత్తురు కూడా పగిలిపోవచ్చు. చలి, జ్వరం రావచ్చు, మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. ఎక్కించకపోతే ఏమవుతుందో అడగవద్దంది. సాయంత్రం లోపల చెప్పండి, సంతకం కావాలి అంది.

ఉష కళ్ళు తెరిచే ఉంది. మాట్లాడితే ఆయాసం. ముక్కుకు గొట్టం. నన్ను వంగమని సైగ చేసి చెవిలో అడిగింది. "పువ్వు అడిగినావా?"

అడుగుతాలేమ్మా అన్నాను.

ఉషను చూస్తుండమని నర్సుకు చెప్పి అందరం వాళ్ళ ఇంటికి వచ్చాము. ఆసుపత్రి నుంచి నడక దూరమే. వీరేష్ చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుండిపోయాడు. "కలవదని తెలిసి, తెలిసి ఎక్కిచ్చినాక ఏమన్నా అయితే? నా సేత్తో నేనే సంతకం పెట్టి సంపుకున్నట్టు గాదా వదినా?" అన్నాడు. అదే మాట మళ్ళీ అన్నాడు.

కుమార సంచి విప్పాడు. తుండుగుడ్డలో చుట్టి మా దేవుడింట్లో లింగం తెచ్చాడు. పొద్దున్నే ఎమ్మిగనూరు పోయి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడంట. గన్నేరు పువ్వులు కూడా తడిగుడ్డలో ఉన్నాయి.

"అడుగుదామక్కా. ఈతూరి ఫ్యాను ఆపి" అన్నాడు.

అంటే వాడికి కూడా తెలుసు. ఇన్ని రోజులూ నాతో అనలేదు.

దీపిక ఏం ఫ్యాను అని అడిగింది. నేనే చెప్పాను. ఆ పిల్ల మొహం చూడలేదు, చెప్పేటప్పుడు.

స్నానం చేశాను. పీట మీద లింగాన్ని పెట్టాను. కిటికీలు మూశారు, ఫ్యాన్ ఆపారు. ముగ్గురూ నా వెనక నిలబడ్డారు. కుడి పక్క పువ్వు అంటించాను. ఎడమది చేతిలో ఉంది. తడి ఎంత పెట్టాలో తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాను.

దీపిక అడిగింది. మెల్లగానే అడిగింది.

"పెద్దమ్మా, ఎడమకు పడితే అమ్మను అట్లే ఇడిసిపెడతారా?"

కుమార ఊరుకోమన్నాడు. నేను చేతిలో పువ్వు చూస్తూ కూర్చున్నాను. ఎడమకు పడితే ఏం చేస్తాను. లేచి, చీర సర్దుకుని, ఆసుపత్రికి పోయి, ఎక్కించమనే చెబుతాను. ఎంత తిప్పి చూసుకున్నా నేను చేసేది అదే. కుడికి పడినా అదే. మరి ఏం అడుగుతున్నాను ఆయన్ను. నేను భయపడకుండా చెయ్యమని అడుగుతున్నాను. అది పువ్వుతో అడిగేది కాదు.

కుడి పువ్వు కూడా తీసేశాను. రెండూ లింగం ముందర పెట్టి దండం పెట్టుకున్నాను. ఉషను బతికించు అన్నాను. అంతకు మించి మాట రాలేదు.

"అడగవా?" అన్నాడు కుమార.

"అడగను."

"స్వామి మీద నమ్మకం పోయిందా అక్కా?"

"ఆయన మీద నమ్మకం ఉందప్పా. మనం సేసేది తెచ్చి ఆయన మీద ఏసింది సాలు."

వాడు గోడ వైపు తిరిగాడు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. దీపిక వచ్చి నన్ను లేపింది. ఆ పిల్ల చెయ్యి వేడిగా ఉంది, ఒంట్లో నిండా నెత్తురు ఉన్న చెయ్యి. ఆ వేడి నాకు భరించరానంత బాగుంది.

నాకు ఇప్పటికీ భయమే. ఆ సంచిలోది ఆమె ఒంట్లోకి పోయి పగిలితే, పువ్వు కూడా అడగకుండా ఒప్పుకున్నది నేనే అవుతాను. అయినా వేరే దారి లేదు.

సాయంత్రం నలుగురం కూర్చుని అనుకున్నవి ఇవి. నెత్తురు ఎక్కించాలి. సంతకం వీరేష్ పెడతాడు, పక్కనే నేనూ పెడతాను. ఎక్కించేటప్పుడు నేను దగ్గర కూర్చుంటాను. కుమార అంబులెన్సుకు చెప్పి ఉంచుతాడు, మగ్గం ఎన్నాళ్ళయినా ఆగనీ అన్నాడు. మాత్రలు ఇక డాక్టరు చెప్పకుండా ఎవరూ ఆపరు, దీపిక చూసుకుంటుంది. ఉచ్చీరమ్మను ఎవరూ ఏమీ అనకూడదు, పిలిచి అడిగింది మేము.

ఇంకొకటి. పువ్వు ఏమైందని ఉష అడుగుతుంది. అడగలేదంటే బెదిరిపోతుంది, ఉన్న కాస్త బలం పోతుంది అన్నాడు వీరేష్. కుడికి పడిందని చెప్పాలి అన్నాడు. కుమార అవునన్నాడు. దీపిక ఒక్కతే అమ్మకు అబద్ధం చెప్పొద్దంది. తర్వాత అదీ ఊరుకుంది.

ఆ మాట నేనే చెప్పాలంట. నేను చెబితేనే నమ్ముతుందంట.

సరేనన్నాను.